గోపాలస్వామి కుడి చేయి

కనాటా,
మే 4, 2025

వదినా,

మీరు ఎయిర్‌పోర్టులో చెప్పినట్టే ఫోన్ మానేసి ఈమెయిల్ పట్టుకున్నాను. ఫోన్‌లో అయితే మీ చెవి మిషన్ కీచుమంటుంది, మీరు విసుక్కుంటారు, చివరికి నేను అరిచి చెప్పిందంతా పక్కింటివాళ్ళకి తెలుస్తుంది. రాస్తే ఆ బాధ లేదు. అక్కడ ఎడ్మంటన్‌లో మా ఇంట్లో మాత్రం నా మాట వినేదెవరు? హాకీ ఆటలు అయ్యేదాకా మీ తమ్ముడు ఈ లోకంలో ఉండరు. కాబట్టి నా కబుర్లన్నీ మీకే, భరించండి.

ఇల్లు బాగానే ఉంది. వెనక పెరట్లో మంచు పూర్తిగా పోయింది, మీ టులిప్‌ల తలలు ఉడతలు కొరికేస్తున్నాయి. మీరు ప్రతి డబ్బా మీదా చీటీ అంటించి వెళ్ళారేమిటి? కందిపప్పు మీద ‘కందిపప్పు’ అని రాయాలా? వంటింట్లోనే తల నెరిసినదాన్ని, ఆ మాత్రం గుర్తుపట్టలేనా?

రియల్టర్ వచ్చి వెళ్ళింది. ఆగస్టులో ఇల్లు అమ్మకానికి పెట్టాలంటే బేస్‌మెంట్ ఖాళీ చేయాలంది. మీరు మారబోయే కాండో ఫ్లాట్‌లోకి ఏమేం వెళ్తాయని అడిగితే మీరు నాతో అన్నమాటే చెప్పాను, గోపాలస్వామి తప్ప ఏమీ వెళ్ళదని. ఆవిడ అదేదో ఫర్నిచర్ అనుకుని కొలతలు అడిగింది.

మీరు నా చేత ఒట్టు వేయించుకున్నది ఒక్కదానికే కదా, పొద్దునా సాయంత్రం స్వామికి దీపం తప్పడం లేదు. అన్నయ్య గారు జైపూర్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన విగ్రహమని నాకు తెలియదా? ఆయన పోయాక మీరు ఆ స్వామితోనే మాట్లాడుకుంటున్నారనీ తెలుసు. కానీ ఒక్క మాట అంటాను, కోప్పడకండి. ధూపం పొగకీ నూనె జిడ్డుకీ స్వామి మొహం నల్లబడింది. శుక్రవారం బాగా అభిషేకం చేసి మెరిపిస్తాను. మా ఇంటి దేవుళ్ళు ఎలా మెరుస్తారో మీరే మెచ్చుకున్నారు.

రోములో కాఫీ బాగుంటుందంటారు. మీకు నచ్చదని నాకు ముందే తెలుసు.

మీ ఇంటి కాపలాదారు,
మీనాక్షి


రోము,
మే 8

మీనాక్షీ,

చీటీలు నీకోసం అంటించలేదు, నాకోసం. తిరిగొచ్చేసరికి నువ్వు డబ్బాలన్నీ తారుమారు చేస్తావని. కాఫీ సంగతి నువ్వన్నది నిజమే, ఉగ్గుగిన్నెలో పోసి ఇస్తున్నారు. ఒక్క గుక్కలో అయిపోతుంది. అది కూడా నిలబడే తాగాలి.

కూతురి దగ్గరికని వచ్చానే గాని విద్య పొద్దున్నే ఆఫీసుకి పోతుంది. ఇది ఇంకా రెండేళ్ళు ఇక్కడే ఉంటుందట. నేను ఒక్కదాన్నే వీధులు తిరుగుతున్నాను. నిన్న ఏమైందో చెబుతాను, నవ్వుకో.

వీళ్ళ వీధి చివర పెద్ద బస్సు స్టాపు ఉంది. రోడ్డు దాటబోతే అడ్డంగా రెయిలింగు. ఏమిటా అని తొంగి చూస్తే, కింద, ఒక అంతస్తు లోతులో నాలుగు గుళ్ళు. గుళ్ళంటే మొండి స్తంభాలు, అరిగిన మెట్లు, పీఠాలు. గర్భగుళ్ళు లేవు. రెండు వేల ఏళ్ళు దాటినవట. నాలుగు వైపులా బస్సులు, టాక్సీలు, ఫోన్లో అరుచుకుంటూ పోయేవాళ్ళు, మధ్యలో ఈ గుంటలో ఎండ కాచుకుంటూ పిల్లులు. పాత ఇళ్ళు కూల్చి కొత్తవి కట్టబోతే ఇవి బయటపడ్డాయట. కట్టడం మానేసి ఊరే పక్కకి జరిగి నడుస్తోంది. మనవాళ్ళయితే ఏం చేసేవారో నేను చెప్పను.

అందులో ఒకటి గుండ్రటి గుడి. ‘ఈ రోజు అదృష్టానికి’ దేవత అట ఆవిడ. నిన్నటిది కాదు, రేపటిది కాదు, ఈ రోజుది మాత్రమే. నాకు బాగా నచ్చింది. టికెట్ కొని కిందికి దిగగానే, అలవాటు పోతుందా, చెప్పులు విడిచాను. అక్కడ పనిచేసే ఆవిడ నాకు కళ్ళు తిరిగాయనుకుని కుర్చీ పట్టుకొచ్చింది. ప్రదక్షిణ చేద్దామంటే నడిచే దారి గుడి చుట్టూ తిరగదు. సరే అని పైకి వచ్చి, రెయిలింగు పక్కనే, ఆ బస్సు స్టాపుల జనాన్ని తప్పించుకుంటూ, రోడ్డు మీదనే ఆ గుంట చుట్టూ మూడుసార్లు తిరిగాను. సాయంత్రం విద్యకి చెబితే ‘అమ్మా, ఇట్స్ నాట్ ఈవెన్ అవర్ గాడ్’ అంది. ఎవరి దేవుడైతే ఏం, తిరిగితే నా మోకాళ్ళకి మంచిది.

ఒకటి మాత్రం మింగుడు పడలేదు. ఈ ఊళ్ళో దేవుళ్ళకి ఒకరికి ముక్కు లేదు, ఒకరికి చేతులు లేవు, ఇంకొకరికి తలే లేదు. అయినా తీసుకొచ్చి అందరి ముందూ నిలబెడతారు. మన ఇళ్ళల్లో స్వామికి చిటికెన వేలు విరిగినా ఇంట్లో ఉంచుతామా? మా అత్తగారు ఉండి ఉంటే ఈ ఊళ్ళో పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు.

స్వామికి దీపం చూడు. ఒట్టు గుర్తుంది కదా.

వైదేహి


కనాటా,
మే 12

వదినా,

మీ ఉత్తరం శనివారం చదివాను. రోడ్డు మీద ప్రదక్షిణకి నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు, ఊరికే.

ఇక్కడ అంతా మామూలే. దీపం పెడుతున్నాను. నల్ల ఈగలు వచ్చాయి, పెరట్లోకి వెళ్తే మెడ వెనక పీకి పెడుతున్నాయి. మీ మేడ మీద కిటికీ ఒకటి సరిగా పడటం లేదు, రియల్టర్‌కి చెప్పాను.

అన్నట్టు మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎడ్మంటన్‌లో వాసవి అని మా సాయంత్రం నడకల స్నేహితురాలు. ఆవిడకి బంధువులావిడ ఎవరో ఇల్లు అప్పగించి ఊరెళ్ళారట. ఆ ఇంట్లో పాలరాతి విగ్రహానికి ఈవిడ అభిషేకం చేస్తుంటే చేయి ఊడి వచ్చేసిందట. ఇత్తడి దేవుళ్ళని తోమినట్టే చింతపండు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, గట్టిగా తోమిందట పాపం. మెరిపిద్దామనే. ఇప్పుడు ఆ విగ్రహాన్ని పూజలో ఉంచవచ్చా, ఉంచితే ఆ ఇంటికి ఏమైనా అవుతుందా అని నాకు ఫోన్ చేసి ఒకటే భయం. ఆ ఇంటావిడ ఇప్పటికే కష్టం చూసిన మనిషి. ఆవిడకి ఇంకేదైనా జరిగితే తన వల్లేనని వాసవి తిండి మానేసింది.

మీకు శాస్త్రం తెలుసు, మీ అత్తగారి దగ్గర అన్నీ నేర్చుకున్నారు. ఏం చేయాలో చెప్పండి. తొందరగా చెప్పండి.

మీనాక్షి


రోము,
మే 15

మీనాక్షీ,

నీ వాసవికి చింతపండు పెట్టి ఎవరైనా తోమితే బాగుండు. పాలరాయికి పులుపు తగిలితే తినేస్తుందని ఎవరికి తెలియదు? సరే, జరిగిందేదో జరిగింది.

దీనికి ఆలోచించేదేముంది. విరిగి భిన్నమైన విగ్రహానికి పూజ చేయకూడదు. ఆఖరిసారి హారతి ఇచ్చి, వెళ్ళిరమ్మని దణ్ణం పెట్టుకుని, పారే నీళ్ళలో వదిలేయాలి. ఆలస్యం చేయకూడదు. ఇంటావిడని అడగాలా అని నాన్చకూడదు కూడా. అడిగితే ఆవిడ మమకారం కొద్దీ వద్దంటుంది, దోషం ఆవిడకే తగులుతుంది. చెప్పకుండా చేసేయమను, తర్వాత చెప్పుకోవచ్చు. మా అత్తగారి మాటలే ఇవి, నావి కావు. తిండి తినమను ముందు.

నీ సంగతి ఏమిటి? కిటికీ, ఈగలు తప్ప కబుర్లే లేవు. చీటీల గురించి నేనన్నదానికి అలిగావా? లేకపోతే ఒక్కదానివీ ఉండలేక ఎడ్మంటన్ మీద గాలి మళ్ళిందా? చెప్పు, టికెట్ మార్చుకుని ముందే వస్తాను. నీ మొగుడు నీకు ఫోన్ చేస్తున్నాడా లేదా, అది కూడా రాయి.

ఇవాళ కూడా గుళ్ళ దగ్గర కూర్చున్నాను. ఒక నల్లపిల్లి గుండ్రటి గుడి మెట్టు మీదే పడుకుంటుంది, రోజూ అదే మెట్టు. పూజారి అని పేరు పెట్టాను.

వైదేహి


కనాటా,
మే 19

వదినా,

అలగలేదు. మీరు ముందే రావద్దు, విద్యతో హాయిగా ఉండండి.

వాసవి మీరు చెప్పినట్టే చేసిందట. పెరుగన్నం నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చి, పట్టుగుడ్డలో చుట్టి నదిలో వదిలిందట. నీళ్ళు ఇంకా చల్లగా, ఉరవడిగా ఉన్నాయట. వదిలాక చాలాసేపు అక్కడే కూర్చుందట. తిన్నదో లేదో అడగలేదు.

ఇవాళ ఇక్కడ సెలవు, వీధిలో టపాసులు కాలుస్తున్నారు. నాకు కొంచెం ఒంట్లో బాగాలేదు, జ్వరం కాదు. ఇంతే.

మీనాక్షి


రోము,
మే 24

మీనాక్షీ,

నాలుగు ముక్కలు రాసి ఒంట్లో బాగాలేదంటే నేను నమ్మను. ఇదంతా మా తమ్ముడు శంకరం నిర్వాకమేనని వాడికి గట్టిగా రాశాను. భార్య దూరాన ఉంటే రోజూ ఫోన్ చేయడానికి వాడికేం రోగం, హాకీవాళ్ళు అన్నం పెడతారా అని అడిగాను. నిన్ను వెనకేసుకొచ్చే ఆడపడుచు ఎవరికి దొరుకుతుంది చెప్పు.

నిన్న శుక్రవారం విద్య సగం రోజు సెలవు పెట్టి ఒక మ్యూజియానికి తీసుకెళ్ళింది. వెనకటికి కరెంటు తయారుచేసిన ఫ్యాక్టరీ అది. ఆ నల్లటి ఇంజన్లు అలాగే ఉంచి, వాటి మధ్య తెల్లటి విగ్రహాలు నిలబెట్టారు. అక్కడ ఎవరు కనిపించారనుకున్నావ్? మన ఈ రోజు అదృష్ట దేవత. ఆ గుండ్రటి గుడి దగ్గర దొరికింది ఈవిడేనట. తల, ఒక చేయి, పాదాలు. అంతే. తల ఒక్కటే నా నడుము దాకా ఉంటుంది. ఒళ్ళు వేరే దేనితోనో చేశారట, అది ఎప్పుడో పోయింది. మిగిలిన మూడు ముక్కల్నీ ఎంత శ్రద్ధగా పెట్టారో, వెలుతురు కూడా ఆవిడ మొహం మీద పడేటట్టు. నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఎందుకో తెలుసా? నీకు ఇప్పటిదాకా చెప్పని ముచ్చట ఒకటి ఉంది.

మన గోపాలస్వామి కుడి చేయి ఎప్పుడో విరిగింది. ఎడ్మంటన్ నుంచి కనాటాకి సామాను మార్చినప్పుడు పెట్టె జారి పడింది. అత్తగారు అప్పుడు ఇండియాలో ఉన్నారు, వారంలో వస్తున్నారు. ఆవిడ చూస్తే స్వామి నదిపాలే. మీ అన్నయ్య గారు ఏం చేశారో తెలుసా? తన పళ్ళ క్లినిక్ నుంచి పళ్ళకి వేసే సిమెంటు తెచ్చి, భోజనాల బల్ల మీద స్వామిని పడుకోబెట్టి అతికించారు. పేషెంటు నోట్లో గ్లవ్స్ లేకుండా వేలు పెట్టని మనిషి, స్వామికి మాత్రం ఉత్త చేత్తోనే చేశారు. గట్టిపడేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకుని మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చున్నారు, అన్నం నేనే కలిపి నోట్లో పెట్టాను. నొప్పి పుడితే చెప్పు స్వామీ అని మధ్యమధ్యలో అడిగేవారు. అతుకు కనపడకుండా గంధం పూసి పట్టుబట్ట కప్పాను. అత్తగారు పోయేదాకా ఆ స్వామికే పూజ చేశారు. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఉండటానికి నానా అవస్థ పడేవాళ్ళం.

ఆ ఇంట్లో ఆయన చేతితో చేసింది అదొక్కటే మీనాక్షీ. మిగతావన్నీ కొన్నవే. అందుకే ఇల్లు పోతోందన్నా నాకు బెంగ లేదు. స్వామిని ఒళ్ళో పెట్టుకుని కాండోకి వెళ్ళిపోతాను. మీ వాసవికి కూడా ఈ సంగతి ముందే చెప్పాల్సింది, ఎవరైనా దంతవైద్యుణ్ణి చూసుకోమని. నోటికి అత్తగారి మాటే వచ్చింది. పాపం.

ఉత్తరం పెద్దదిగా రాయి ఈసారి.

వైదేహి


కనాటా,
మే 27

వదినా,

వాసవి ఎవరూ లేరు.

మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు, అయినా నా నోటితో నేనే చెప్పాలి. చింతపండు పెట్టి తోమింది నేను. చేయి ఊడి నా చేతిలోకి వచ్చింది. మర్నాడే మీ ఉత్తరం వచ్చింది, చిటికెన వేలు విరిగినా ఇంట్లో ఉంచుతామా అని. మీ మనసు ఇదీ అనుకున్నాను. మీకు చెప్పే ధైర్యం లేక వాసవిని పుట్టించాను. మీరు అడగకుండా చేసేయమన్నారు, చేసేశాను. మీకు దోషం తగలకూడదనే చేశాను వదినా, ఇంకే ఉద్దేశమూ లేదు.

మీ కారు తీసుకుని నది పక్కనున్న బ్రిటానియా బీచ్‌కి వెళ్ళాను. ఒడ్డున వదిలితే ఎవరైనా తొక్కుతారని, నదిలోకి వెళ్ళే రాళ్ళ గట్టు చివరిదాకా నడిచి, లోతు చూసి వదిలాను. నిన్న మీ ఉత్తరం చదివి మళ్ళీ అక్కడికే పరిగెత్తాను. వెతకడానికి అక్కడ ఏముంది, ఎటు చూసినా నీళ్ళే. పడవ నడిపే ఆయన్ని అడిగితే అక్కడ చాలా లోతనీ, వరద ఇంకా తగ్గలేదనీ చెప్పాడు. ఏం పోయింది, ఉంగరమా అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

ఇంటికొచ్చి పూజ గదిలో అభిషేకం పళ్ళెం తీశాను, ఎదురుగా పెట్టుకుని ఏడవడానికి. అడుగున ఎండిపోయిన తులసి దళాల కింద చేయి ఉంది. ఆ రోజు కంగారులో స్వామిని చుట్టి తీసుకెళ్ళాను గాని చేతిని మరిచిపోయాను. చేయి లేకుండా పంపాను స్వామిని. శాస్త్రం కూడా సరిగ్గా చేయలేకపోయాను.

మీ తమ్ముడు ఫోన్ చేసి, నేనేం చేశానని అక్క తిట్టింది అని అడిగారు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకి రాయండి. ఏ మొహం పెట్టుకుని మీ ఎదుటికి రావాలో తెలియడం లేదు. మీరొచ్చేలోపు తాళాలు పక్కింట్లో ఇచ్చి వెళ్ళిపోమంటే వెళ్ళిపోతాను. పొమ్మనేదాకా దీపం మాత్రం పెడుతున్నాను. ఖాళీ పీఠానికి పెడుతున్నాను.

మీనాక్షి


రోము,
జూన్ 1

మీనాక్షీ,

వెంటనే రాయలేదు. రాసి ఉంటే ఈ జన్మలో మనిద్దరికీ మాటలు ఉండేవి కావు. కోపం వచ్చింది. నీ మీద, నీ చింతపండు మీద, లేని వాసవి మీద. ఆయన రెండోసారి పోయినట్టు అనిపించింది. విద్య బలవంతం చేసినా అన్నం సయించలేదు. దానికి చెప్పలేదు కూడా.

ఇవాళ పొద్దున్న గుళ్ళ దగ్గరికి వెళ్ళి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. పూజారి మెట్టు మీద పడుకుని ఉంది. బస్సులు తిరుగుతున్నాయి. నా పక్కన ఒకాయన రొట్టె తింటూ కిందికి చూసి, తినడం అయ్యాక చేతులు దులుపుకుని ఆఫీసుకి పోయాడు. ఆ గుళ్ళని ఎవరూ బాగుచేయడం లేదు, ఎవరూ పారేయడమూ లేదు. ఎంత మిగిలిందో అంత ఉంచుకుని దాని పక్కనే బతుకుతున్నారు. చాలాసేపు చూశాక నాకు నవ్వు వచ్చింది మీనాక్షీ. నీళ్ళలో వదిలేయమన్నది నేను. అడగకుండా వదలమన్నదీ నేనే. మా తమ్ముణ్ణి పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ నేను చెప్పిన మాట నువ్వు ఒక్కటైనా విన్నావా? ఎప్పుడూ విననిదానివి ఇప్పుడే వినాలా?

తాళాలు పక్కింట్లో ఇస్తే నీ పని చెబుతాను. పదో తారీఖున నా విమానం. ఎయిర్‌పోర్టుకి నువ్వే రావాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, ఈ ఒక్కటి కూడా విను. ఆ చేయి కడగకు. తుడవకు. దానికి ఏమీ పెట్టకు. ఆ దేవతకి ఒళ్ళు పోయి చేయి మిగిలింది, చూశాను కదా. మనకీ చేయి మిగిలింది. భుజం దగ్గర, విరిగినచోట చూడు. పసుపు తిరిగిన సిమెంటు కొంచెమైనా అంటుకుని ఉండాలి. అది స్వామితో పోయిందో, చేతితో ఉండిపోయిందో నాకు రాయి. ఉంటే అది ఆయనది. లేకపోతే లేదని రాయి, దాచకు. నా కోసం ఇంకో వాసవిని పుట్టించకు.

ఆయన టేబుల్ సొరుగులో పళ్ళు చూసే భూతద్దాల కళ్ళజోడు ఉంటుంది. దాని మీద చీటీ ఉంటుంది.

వైదేహి


కనాటా,
జూన్ 2

వదినా,

కళ్ళజోడు దొరికింది. చీటీ మీద ‘ఆయనవి’ అని ఉంది, ఏమిటో రాయలేదు. మీ చీటీల మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చేతిని ఇంకో పట్టుగుడ్డ మీద ఉంచి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. సిమెంటు ఉంది. స్వామితో పోలేదు, దాదాపు అంతా చేతికే పట్టుకుని ఉంది. చంక వైపు, మీరు గంధం పూసి బట్ట కప్పే చోట, కొంచెం బయటికి పొంగి గట్టిపడింది. మొదట గీతలు పడ్డాయనుకున్నాను, నేనే తోమి గీశానని. కళ్ళజోడు ఇంకా దగ్గరగా పెట్టాను.

బొటనవేలి ముద్ర వదినా. సుళ్ళు తిరిగిన గీతలతో సహా, నిన్న నొక్కినట్టు ఉంది. పైన ఒక మూల చిన్న అడ్డగీత కూడా ఉంది. అన్నయ్య గారికి ఆ వేలికి కత్తిగాటు మచ్చ ఉండేదేమో మీకు తెలియాలి.

చేతిని పీఠం మీద పెట్టి దీపం వెలిగించాను. చింతపండు ఇంట్లోంచే తీసేశాను, మీరొచ్చాక చారు నిమ్మకాయతోనే.

ఆ ముద్రలో నా వేలు పెట్టి చూడబుద్ధేసింది. పెట్టలేదు. పదో తారీఖున మీరొచ్చి పెట్టండి.

మీనాక్షి